బస్సు ఎందుకు కదల్లేదు?

జూన్ 20

నాలుగో తరగతి సామ్రాజ్ఞి, ముప్పై ఒక్క మంది పిల్లలకి టీచరూ, ఒకే ఒక్క కోతికి అక్కా అయిన మహాతల్లికి,

తమ్ముడు కుర్చీలోంచి లేవకుండానే సాష్టాంగపడి విన్నవించుకునేది ఏమంటే, నాకు ఉద్యోగం వచ్చింది. నవ్వు ఆపుకుని మిగతాది చదువు.

ఫోన్ చేసి చెప్పొచ్చు. కానీ ఫోన్లో సగం మాటలు జోకుల కింద దాచేస్తానని, అదే ఉత్తరమైతే అబద్ధం పూర్తయ్యేలోపు చెయ్యి నొప్పెడుతుందని శాసనం చేసింది నువ్వే కదా. అనుభవించు.

పరీక్షల కార్యాలయం, మూడో అంతస్తు, ప్రశ్నల తయారీ విభాగం. నలుగురు మనుషులం, ఒక ఫ్యాను. ప్రశ్నలు బయటికి పోకుండా కిటికీ అద్దాలకి గోధుమరంగు కాగితం అంటించారు. కిటికీ అవతల ఉన్నది గోడ. ఆ గోడకి చదువు రాదని నా అనుమానం. పొద్దున్నే మా ఫోన్లన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో వేసి తాళం పెడతారు.

మా పెద్దాయనకి నేను పెట్టిన పేరు నాలుగు జవాబుల సారు. మొదటిరోజు నాకు మర్యాద చేస్తూ, "టీయా, కాఫీయా, మంచినీళ్ళా, ఏదీ వద్దా?" అన్నాడు. పని కూడా అంతే. ఒక ప్రశ్నకి ఒక నిజం, మూడు అబద్ధాలు. అబద్ధాలు అచ్చం నిజంలా ఉండాలి. నాలోని ఈ కళని చిన్నప్పుడు నువ్వు చెవి మెలేసి అణగదొక్కావు. ఇక్కడ జీతమిచ్చి ఆదరిస్తున్నారు.

డిసెంబరులో నీ పిల్లలు రాయబోయే పెద్ద పరీక్షలో తెలుగు భాగం మేమే చేస్తాం. కాబట్టి ఇకమీదట నాతో కాస్త భయభక్తులతో మెలగవలెను.

ఈ ఉత్తరానికి మార్కులు వెయ్యడం మర్చిపోకు.

ఇట్లు,
అబద్ధాల శాఖ గుమాస్తా


జూలై 9

ఒరే కోతీ,

పదికి ఆరు. రెండు దస్తూరికి పోయాయి, రెండు పొగరుకి.

ఉద్యోగం వచ్చినందుకు సంతోషం. నాన్న ఉంటే డిపోలో బస్సు బస్సుకీ చెప్పుకునేవాడు. పొద్దున టిఫిన్ మానెయ్యకు.

నువ్వు పెద్ద పరీక్ష గురించి చెప్పావు. మా సంగతి విను. సోమవారం వారపరీక్ష. దానికి ముందు శుక్రవారం దాని నమూనా. నెలాఖరుకి నెల పరీక్ష. పెద్ద పరీక్షకి సన్నాహక పరీక్షలు మూడు. వాటికి ముందు, పిల్లలు ఏ స్థాయిలో ఉన్నారో తెలుసుకునే పరీక్ష ఒకటి. విత్తనం మొలిచిందా లేదా అని రోజూ తవ్వి చూస్తుంటే ఇంకేం మొలుస్తుందిరా?

పోయిన మంగళవారం భిన్నాలు మొదలుపెట్టా. తలా ఒక కాగితం ఇచ్చి మడిపించా. సగం అయింది, పావు అయింది, పావులో సగం అనేలోపు పరీక్ష కట్ట వచ్చింది. వారం దాటింది. ఆ ముప్పై ఒక్క కాగితాలు ఇంకా పావు మడతలోనే బీరువాలో ఉన్నాయి.

నాకు మిగిలింది ఆఖరి పీరియడ్. అందులో కథ చెబుతున్నా. ఏ కథో నువ్వు ఊహించగలవు. నాన్న బస్సు కథ. దారి మర్చిపోయి, ఎక్కినవాళ్ళని టికెట్టు మీదున్న స్టాపులో కాకుండా వాళ్ళకి నిజంగా అవసరమైన చోట దింపే బస్సు. రోజుకో స్టాపు చెబుతున్నా. వెనక బెంచీలో ఒక పిల్ల ఉంది, ప్రతిదానికీ ఎందుకు అంటుంది. దాని పేరే 'ఎందుకు' అయిపోయింది. పిల్లాడు ఏడ్చాడంటే ఎందుకు, బస్సు ఎడమవైపు తిరిగిందంటే ఎందుకు. బడి తెరిచిన కొత్తలో ఆ పిల్ల నోరు విప్పేది కాదు.

మొన్న మా పెద్దమేడం తలుపు దగ్గర నిలబడి ఐదు నిమిషాలు విని, "బాగానే ఉందమ్మా, కానీ పరీక్షలో లేనిది బడిలో దేనికి?" అంది. సోమ, మంగళ, బుధ ఆఖరి పీరియడ్లు ప్రాక్టీసుకి రాసేసింది. నాకు గురు, శుక్రవారాలు మిగిలాయి. అవి కూడా పోతే ఈ బడికి నేను ఎందుకు వెళ్తున్నానో నాకే తెలీదు.

అక్క


ఆగస్టు 3

కథల పీరియడ్ రాణీగారి సముఖానికి,

మీ మేడంగారి సూక్తిని అట్టముక్క మీద రాసి నా బల్ల మీద పెట్టుకున్నా. పరీక్షలో లేనిది బడిలో దేనికి! అంటే పరీక్షలో ఉన్నదానికి బడిలో ఎదురులేదన్నమాట. ఈ మాటలో నీకు బాధ కనిపించింది, నాకు దారి కనిపించింది. బుర్రలు వేరు కదా.

నీకో కానుక పంపుతున్నా. డిసెంబరులో చేరుతుంది. ఏంటని అడక్కు. అది చేరాక నీ ఆఖరి పీరియడ్‌ని ఎవరూ ముట్టుకోలేరు. పోస్టుమాన్ తేడు, కొరియర్ తేడు. ఇంతకుమించి చెబితే నా ఫోనుతో పాటు నన్నూ బిస్కెట్ల డబ్బాలో వేస్తారు.

ఇట్లు,
గోప్యతా ప్రమాణం మీద మూడుచోట్ల సంతకం పెట్టినవాడు


సెప్టెంబరు 18

కోతీ,

కానుకా గీనుకా ఏం వద్దు. స్వెట్టరైతే నువ్వే ఉంచుకో, చలి నీ గదిలోనే ఎక్కువ. నిజంగా ఏమైనా చెయ్యాలనుంటే మీ సారుతో ఒక్క మాట చెప్పు. బడి మొదలై అరవై రెండు రోజులైంది. ఇరవై మూడు రోజులు పరీక్షలకి పోయాయి. పరీక్ష పెట్టడానికి, దిద్దడానికి, మార్కులు ఎక్కించడానికి, మార్కులు తగ్గినవాళ్ళకి మళ్ళీ పెట్టడానికి. మీ సారు నాలుగు జవాబుల్లో ఏది టిక్ చేసినా సరే, ఒక పరీక్ష తగ్గించమను.

శుక్రవారం పీరియడ్ కూడా పోయింది.

గురువారం ఒక్కటే ఉంది. బస్సుని చివరి స్టాపు దాకా తీసుకొచ్చి ఆపా. అందరూ ఎక్కేశారు, కండక్టరు గంట కొట్టాడు, డ్రైవరు తాళం తిప్పాడు, బస్సు మాత్రం కదల్లేదు. అక్కడికి బెల్లయింది. 'ఎందుకు' నా చీర కొంగు పట్టుకుని గేటు దాకా వచ్చింది. "ఎందుకు కదల్లేదు టీచర్? ఒక్కటి చెప్పండి టీచర్." నువ్వు ఐదేళ్ళప్పుడు మెట్ల మీద నాన్న చొక్కా పట్టుకుని ఇలాగే వేళ్ళాడేవాడివి.

అక్క


అక్టోబరు 6

అక్కయ్యా,

నీ ఉత్తరం సారుకి చూపించలేదు గానీ, పరీక్ష ఒకటి తగ్గిస్తే బాగుంటుందేమోనని గాల్లోకి అన్నా. సారు చాలా సానుభూతితో విని, పరీక్షలు ఎక్కువయ్యాయో లేదో తేల్చడానికి ఒక పరీక్ష పెడదామన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దేన్ని కొరుకుతున్నావు అని అడిగాట్ట!

పనిలో ఒక చిక్కొచ్చింది. ఒక పేరా రాశా. మంచి పేరా. నా జీవితంలో జోకు లేకుండా రాసింది అదొక్కటే. సారు చదివి కళ్ళజోడు తీసి, "బాగుంది. కానీ జవాబు ఎక్కడ?" అన్నాడు. చదివినవాళ్ళకి తడుతుంది సార్ అన్నా. "తట్టకూడదు బాబూ, కనిపించాలి. జవాబు కాగితం మీద ఉండాలి, పిల్లల బుర్రలో కాదు" అన్నాడు. చివర్లో ఒక వాక్యం కలిపా. చిన్నదే. ఐదు మాటలు. పర్లేదు కదా? పర్లేదులే.

ఇంకొక్క మాట, ఇది జోకు కాదు: బస్సు ఎందుకు కదల్లేదో పిల్లలకి ఇప్పుడే చెప్పకు. డిసెంబరు దాకా ఆపు. ఎందుకని ఆ 'ఎందుకు'లాగా నువ్వూ అడక్కు.

ఇట్లు,
ఐదు మాటల నేరస్థుడు


డిసెంబరు 12

నా కోతికి,

ఇవాళ చేరింది.

పొద్దున్న కాగితాలు పంచి నా కుర్చీలో కూర్చున్నా. పరీక్ష కాగితం టీచర్లు చదవకూడదు, తెలుసుగా. గోడ గడియారం చూస్తూ కూర్చోవాలి. నాలుగో పేజీ తిప్పే చప్పుడైంది. ఆ తర్వాత గదిలో ఒక గాలిలాంటిది మొదలైంది. ఒకడు పక్కవాణ్ణి చూసి నవ్వాడు. ఇంకొకడు రెండు చేతులతో స్టీరింగు తిప్పాడు. 'ఎందుకు' లేచి నిలబడి, "టీచర్! మన బస్సు! మన బస్సు వచ్చింది!" అంది.

నేను వేలు పెదాల మీద పెట్టుకుని, కూర్చో అన్నా. ముక్కు తుడుచుకోవడానికి బోర్డు వైపు తిరిగితే, పరిశీలనకి వచ్చిన ఆయన పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు.

పిల్లలు చదవగానే గుర్తుపట్టేంత బాగా నీకు గుర్తుందని నేను అనుకోలేదురా. అమ్మని ఆసుపత్రిలో చేర్చినప్పుడు నీకు ఐదేళ్ళు. డ్యూటీ దిగి యూనిఫారం విప్పకుండానే నాన్న మెట్ల మీద కూర్చుని చెప్పిన కథ, నాకు పన్నెండేళ్ళు కాబట్టి గుర్తుంది. నీకు నేను చెప్పగా వచ్చిందే అనుకున్నా.

ముగింపు చెప్పొద్దని రాశావు. నీ ఉత్తరం రాకముందే చెప్పేశా. గురువారం కూడా ప్రాక్టీసుకే పోయింది గానీ, ఆ వారం ప్రాక్టీసు కాగితాల వ్యాను అరగంట ఆలస్యమైంది. దేవుడిచ్చిన అరగంట. నాన్న చెప్పినట్టే చెప్పా: ఇంకొకరు ఎక్కాలి, అందుకే బస్సు కదల్లేదు. ఎవరని 'ఎందుకు' అడిగింది. వచ్చాక తెలుస్తుంది అన్నా. క్లాసంతా కిటికీ వైపు చూసింది.

రేపు మేడం దగ్గరికి వెళ్ళి అడుగుతా: పరీక్షలో ఉంది కదమ్మా, ఇప్పుడు నా పీరియడ్లు ఇస్తారా అని.

ఈ కానుకకి పదికి పది. జీవితంలో మొదటిసారి. ఫ్రేము కట్టించుకో.

అక్క


జనవరి 17

అక్కా,

ఈసారి మొదట్లో బిరుదులు లేవు, క్షమించు.

జవాబులు దిద్దే మెషీను నీ తరగతిని ఎర్రగా చూపించింది. ముప్పై ఒక్క మందీ పద్దెనిమిదో ప్రశ్నకి ఒకే తప్పు జవాబు పెట్టారు. ఒకే తప్పు అంతమంది పెడితే ఎవరో చెప్పి పెట్టించినట్టు లెక్క. ఈపాటికి మీ బడికి కాగితం వచ్చుంటుంది. పరీక్షల చరిత్రలో జవాబు లీక్ చేసినవాళ్ళున్నారు గానీ, పనిగట్టుకుని తప్పు జవాబు లీక్ చేసిన మొదటి టీచరువి నువ్వేనని మా గదిలో నవ్వుకున్నారు. నేనూ నవ్వా. నవ్వకపోతే తెలిసిపోతుందని.

నువ్వు ఆ పేజీ చదవలేదు కదూ? అయితే చెబుతా. ప్రశ్న: బస్సు ఎందుకు కదల్లేదు? సరైన జవాబు సి: డీజిల్ అయిపోయింది. నేను కలిపిన వాక్యం అదే. "అప్పటికి బస్సులో డీజిల్ పూర్తిగా అయిపోయింది." ఐదు మాటలు.

నాన్న జవాబు వదిలెయ్యడానికి చెయ్యి రాలేదు. మూడు అబద్ధాలు కావాలి కదా. దాన్ని డి కింద పెట్టా. నాన్న మాటని తప్పు జవాబుల్లో పెట్టానక్కా.

నీ పిల్లలు పేరా చదవలేదు. చదవాల్సిన అవసరం ఏముంది, కథ వాళ్ళదే కదా. అందరూ డి పెట్టారు.

నేను చెప్పేస్తా. నీ జవాబు రానీ, ఏం చెప్పాలో నువ్వే చెప్పు.

తమ్ముడు


జనవరి 22

ఒరేయ్,

నువ్వు నోరు విప్పకు. ఇది అక్క మాట.

విచారణకి ఇద్దరు వచ్చారు. మర్యాదగానే అడిగారు. కథ చెప్పావా అన్నారు, చెప్పానన్నా. పరీక్షలో వస్తుందని తెలుసా అన్నారు, తెలీదన్నా. మరి ఆ కథే ఎలా వచ్చింది అన్నారు. బస్సు కథలు లోకంలో చాలా ఉంటాయండీ అన్నా. నాకు అబద్ధాలు రావు, నీ దగ్గర నేర్చుకోవాల్సింది. వాళ్ళు నమ్మలేదు. తప్పు నాదేనని ఒక కాగితం రాసుకొచ్చారు, సంతకం పెట్టేశా. ఈ ఏడాది మిగిలిన రెండు నెలలూ తరగతి తీసేసి ఆఫీసు గదిలో మార్కులు ఎక్కించే పని ఇస్తారట. భరిస్తా.

నువ్వు చెబితే ఏమవుతుందో ఆలోచించావా? ప్రశ్నపత్రం ముందే ఒక బడికి తెలిసినట్టే. పరీక్ష చెల్లదు. అన్ని బళ్ళ పిల్లలూ మళ్ళీ రాయాలి. దానికి మళ్ళీ సన్నాహాలు. ఆ రోజులు ఎవరివిరా? ఒక్క టీచరు పోతే ముప్పై ఒక్క మందికే నష్టం. వాళ్ళకి ఇంకెవరైనా కాగితం మడవడం నేర్పిస్తారు.

కోపం లేదు. సంతకం పెట్టాక తేలిగ్గా ఉంది. నువ్వు మాత్రం కదలకు.

అక్క


జనవరి 22

అక్కా,

నీ జవాబు కోసం ఆగలేకపోయా. పొద్దున్నే సారు గదిలోకి వెళ్ళి మొత్తం చెప్పేశా. మెట్లు, నాన్న, డిపో, ఐదు మాటలు. సారు ఒక్కసారి కూడా మధ్యలో ఆపలేదు. చివరికి, "నా దగ్గర దీనికి నాలుగు దారుల్లేవు బాబూ, ఒకటే ఉంది" అని తెల్లకాగితం ఇచ్చాడు. రాజీనామా రాసిచ్చా. నీ మీద కేసు ఎత్తేస్తారు. నీ తరగతి నీకే ఉంటుంది. అంతకంటే నాకేం కావాలి?

వెళ్ళబోతుంటే సారు ఒక చీటీ చూపించాడు. నీ బడి సంగతి కాదు, అన్ని బళ్ళదీ. ఈ కథ ఎప్పుడూ వినని పిల్లలక్కా, కాగితం మీద డీజిల్ అయిపోయిందని రాసున్నా, నూటికి నలభై మంది డి పెట్టారు. ఇంకొకరు ఎక్కాలనే పెట్టారు. వాళ్ళకి ఎవరు చెప్పారు?

దాంతో మా ఆఫీసు కమిటీ ప్రశ్నలోనే లోపం ఉందని తేల్చింది. సరిచేస్తారట.

నా ఫోను డబ్బాలోంచి తీసి ఇచ్చేశారు. అయినా నీకు కాగితం మీదే రాస్తున్నా.

తమ్ముడు


మార్చి 28

తమ్ముడికి,

రెండు నెలలు రాయలేదు. కోపంతో కాదు. రాయడానికి ఏముందో తెలిసేదాకా ఆగా.

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుని వెళ్ళాయి. నువ్వు నన్ను నిలబెట్టావు. నా తరగతి నాకే వచ్చింది, సంతకం పెట్టిన కాగితం చింపేశారు. నేను భయపడిందీ వచ్చింది. మార్చిలో అందరికీ మళ్ళీ పరీక్ష. దానికి ముందు పది రోజులు సన్నాహం. మీ ఆఫీసు ఒక ప్రాక్టీసు పుస్తకం పంపింది. మొదటి పాఠం మన బస్సు. లోపం సరిచేశారు: డి తీసేసి, టైరు పంక్చరైంది అని పెట్టారు.

రోజూ అదే. నేను చదవాలి, పిల్లలు జవాబు చెప్పాలి, తప్పయితే మళ్ళీ. మేడం వెనక బెంచీలో 'ఎందుకు' పక్కనే కూర్చుని చూసేది. మొదటిరోజు ఆ పిల్ల లేచి, "టీచర్, అసలు జవాబు ఇందులో లేదు" అంది. మేడం నా వైపు చూసింది. నా వెనకాల ఒక విచారణ ఉందిరా, నీ ఉద్యోగం పోయి ఉంది. నేను పుస్తకంలోకి చూస్తూ, "సి అమ్మా. డీజిల్ అయిపోయింది. ఇక్కడ రాసుంది చూడు" అన్నా. రెండోరోజు కూడా లేచింది. నాలుగోరోజు లేవలేదు. పది రోజులు నా నోటితో నేనే చెప్పా.

పరీక్ష బాగా రాశారు. బడికి మెచ్చుకోలు కాగితం వచ్చింది. మేడం నిజంగానే సంతోషించి, బడి ఆఖరి రోజు ఆఖరి పీరియడ్ నాకు ఇచ్చేసింది. "కథ చెప్పుకో అమ్మా" అంది.

చెప్పా. మొదటినుంచీ. అన్ని స్టాపులూ. కుదురుగా విన్నారు. మధ్యలో ఎవరూ ఏమీ అడగలేదు. చివరి స్టాపులో బస్సుని ఆపి, నాన్నలాగే అడిగా: బస్సు ఎందుకు కదల్లేదు?

ముప్పై ఒక్క చేతులు లేచాయి. నేను 'ఎందుకు' వైపు చూపించా. లేచి చేతులు కట్టుకుని, "డీజిల్ అయిపోయింది టీచర్" అంది.

ఇంకేదైనా కారణం ఉందేమో ఆలోచించు అన్నా. ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. నేను ఆటపట్టిస్తున్నా అనుకుంది. "మీరే చెప్పారుగా టీచర్."

ఆ తర్వాత బెల్లు కొట్టారు. బీరువా ఖాళీ చేస్తుంటే ఆ కాగితాలు దొరికాయి. పావు దగ్గరే ఉన్నాయి. పిల్లలు ఐదో తరగతికి పై అంతస్తుకి వెళ్ళిపోతారు.

నీ మీద కోపం లేదు అని జనవరిలో రాశా. ఇప్పుడూ లేదు. నా మీదే ఉంది.

అక్క


ఏప్రిల్ 9

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివా. ఓదార్చే జోకు ఒక్కటీ తట్టలేదు. నా దగ్గర సరుకు అయిపోవడం ఇదే మొదలు.

ఒక జిరాక్స్ షాపులో చేరా. మెట్ల కింద గది, రెండు మెషీన్లు, ఓనరు మంచివాడు, కాగితం ఇరుక్కుంటే నన్ను కాకుండా మెషీన్ని తిడతాడు. నిన్న ఒక బడి నుంచి పని వచ్చింది. వచ్చే ఏడాది పిల్లల కోసమట. ఆ ప్రాక్టీసు పుస్తకమే. నాలుగు వందల కాపీలు.

మొదటి పేజీ అద్దం మీద పెట్టి మూత వెయ్యబోయి ఆగా. తెల్లకాగితం నుంచి సన్నటి ముక్క కత్తిరించా. ఒక వాక్యం పొడవు, ఐదు మాటల పొడవు. దాన్ని ఆ వాక్యం మీద అంటించి మూత వేశా.

కింద ప్రశ్న అలాగే ఉంది. డి తేవడం నా చేతిలో లేదు. కానీ నాలుగు వందల కాపీల్లో, డ్రైవరు తాళం తిప్పాక ఒక వరస ఖాళీగా ఉంది. ఎవరో ఒక పిల్ల వేలు పెట్టి చదువుకుంటూ వచ్చి అక్కడ ఆగుతుంది. లేచి టీచర్ని ఎందుకు అని అడుగుతుంది.

ఆ టీచరు ఎవరో నాకు తెలీదు. ఒక కాపీ నీకు పంపుతున్నా. దీనికి మార్కులు వెయ్యకు.

తమ్ముడు